నేల లోపలి చలువ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగపాఠము)



ఇట్టి సభలలో కావ్యములను గూర్చి ప్రసంగించుట వాడుక. కార్యదర్శిగారు నన్నును అట్లే కోరిరి. కాని ప్రబంధములలోని గ్రీష్మవర్ణనముకంటె మన పఠనమందిరములోని గ్రీష్మమే నాకు ముందుగా మాటలాడదగిన విషయముగా తోచినది. చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు మిట్టమధ్యాహ్నమునుండి పొద్దువాలు వరకు ఇచట కుర్చీలు ఖాళీగా నుండును. బడిపిల్లలకు సెలవులు అప్పుడే. సేద్యగాండ్రకు తీరిక అప్పుడే. చదువుటకు పొద్దు దొరకిన నెలలలోనే చదువుటకు చోటు లేకపోవుచున్నది. మందిరమునకు క్రొత్త కప్పు వేయవలయుననియు, శీతలయంత్రము పెట్టవలయుననియు కార్యవర్గము తలపెట్టినది. ఆ చర్చలో ఒక యువకుడు, "భూమిలోని చలువతోనే ఇండ్లను చల్లబరచు పద్ధతి పరదేశములలో నున్నదట, అది మనకేల పనికిరాదు?" అని అడిగెను. ఆ ప్రశ్నకు తగిన సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట ఒక భ్రమను తొలగించుకొందము. భూమిలో వేడి రెండు విధములు. ఒకటి భూగర్భమునుండి పైకి వచ్చునది. మన పూర్వులు బడబాగ్ని యని, పాతాళవహ్ని యని ఊహించినదానికి ఇది దగ్గర. లోతునకు పోవుకొలది కిలోమీటరునకు సుమారు 25 మొదలు 30 డిగ్రీల చొప్పున వేడి హెచ్చును. తెలంగాణములో మణుగూరు ప్రాంతమున లోతైన బోర్లనుండి వేడినీరు ఉబికి వచ్చును. అచటి పగిడేరువద్ద ఆ వేడితో విద్యుత్తు పుట్టించుటకు సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల చిన్న ప్రయోగశాలను నెలకొల్పినది. రెండవ విధము సూర్యుడు నేలకిచ్చిన వేడి. ఇండ్లను చల్లబరచుటకును, చలిదేశములలో వెచ్చబరచుటకును ఉపయోగించునది ముఖ్యముగా ఈ రెండవదే. దీనికి అగ్నిపర్వతములును వలదు, ఉష్ణగుండములును వలదు. మన పెరడు చాలును.

అమరకోశమున భూమికి సర్వంసహ యను పేరు కలదు. ఎండను, చలిని, వానను అన్నిటిని సహించునది యని అర్థము. ఈ సహనము కేవలము కవిసమయము కాదు, కొలిచి చూడదగినది. పగటి ఎండ రాత్రి చలువల భేదము నేలలో రెండు మూడడుగులు దిగునప్పటికే దాదాపుగా అణగిపోవును. వేసవి శీతకాలముల భేదము మాత్రము ఇంకను లోతునకు దిగును. ఐనను నిలువెత్తు, రెండు నిలువుల లోతునకు పోవుసరికి అదియును మిక్కిలి సన్నగిల్లును. ముప్పది అడుగులు దాటినపిమ్మట ఏడాది పొడుగున ఒకే వేడి. ఆ వేడి ఎంత? ఆ చోటి గాలి యొక్క సంవత్సరపు సగటు వేడికి సమానముగానో, కొంచెము హెచ్చుగానో ఉండును. మన నంద్యాల సీమలో అది సుమారు 28 మొదలు 30 డిగ్రీలు.

ఇందులో ఇంకొక చిత్రము కలదు. వేడి నేలలోనికి దిగుటకు పొద్దు పట్టును. పదియడుగుల లోతునకు వైశాఖమాసపు ఎండ చేరునప్పటికి ఇంచుమించు మూడు నెలలు గడచును. ఇరువది అడుగులచోట ఆలస్యము ఆరు నెలలకు వచ్చును. అనగా మీద చలి వణకించునప్పుడు అచట, ఎంత స్వల్పముగానైనను, వేసవి జాడ యుండును. బావినీరు చలికాలమున గోరువెచ్చగాను, ఎండకాలమున చల్లగాను ఉండునని పెద్దలు చెప్పుదురు గదా! నీరు మారుటలేదు; మారుచున్నది మీది గాలియును, మన యొడలును. మహానందిలోని కోనేటి నీరును ఇట్టిదే. కొండ కడుపున చాలకాలము దాగి వచ్చిన నీరు గనుక అది ఋతువుల ఆజ్ఞను అంతగా పాటింపదు.

మన పూర్వులు ఈ సంగతి పుస్తకములు చూచి నేర్వలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజగృహమునకు భూగృహములు చెప్పబడినవి గాని, మన రైతునకు పాతర చాలును. గట్టినేల చూచి లోతుగా త్రవ్వి, గోడలకు గడ్డి చుట్టి, జొన్నలు నింపి, మీద మట్టి కప్పి ఏండ్లకొలది నిలువచేసిరి. ఎండవాన లెరుగని ఆ చీకటిలో గింజ చెడలేదు. కాని పాతర తెరచిన వెంటనే మనిషి దిగరాదనియు, ముందు దీపమును దింపి చూడవలయుననియు గూడ వారే నేర్పిరి. గింజ విడిచిన దుష్టవాయువు లోపల నిలిచియుండును. నేల చలువనిచ్చును గాని గాలి నీయదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని యున్నది.

బెలుం గుహలకు పోయినవారు ఇందరిలో అనేకులుందురు. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ పేర్కొనిన ఆ గుహలను 1982, 1983 సంవత్సరములలో జర్మనీ దేశపు గెబౌర్ బృందము శోధించి కొలిచెను. పొడవు 3,229 మీటర్లు. 2002లో యాత్రికులకు తెరచిరి. వెలుపల వడగాలి కొట్టుచున్నను లోపల ఎండదెబ్బ యనునది లేదు. ఐనను చెమట మాత్రము ధారగా కారును. ఏమనగా లోపల వేడి మన సీమ సగటు వేడి. గాలిలో తేమ మెండు. గాలి కదలిక తక్కువ. అందుచేతనే లోనికి గాలిని పంపు ఏర్పాట్లు చేయవలసివచ్చినది. చలువ యొకటి, సుఖము వేరొకటి.

నేల సర్వంసహయే గాని మరపు గలది కాదు. హైదరాబాదులో 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు దేశమునందలి అనేక బోర్లలోనికి ఉష్ణమాపకములను దింపి, లోతు లోతునను వేడిని కొలిచిరి. పాతకాలపు వేసవుల జాడలు లోపలి పొరలలో నిలిచియుండుట చూచి, గడచిన నూటయేబది యేండ్లలో నేల పైభాగము సుమారు 0.9 డిగ్రీ వేడెక్కెనని 2002లో ప్రకటించిరి. గ్రామ దస్త్రములు చెదలు తినవచ్చును. ఈ దస్త్రమునకు చెదలు లేవు.

ఇక యంత్రము సంగతి. దీనిని హీట్ పంపు అందురు. వేడిని తోడు యంత్రము. మీలో పెద్దలు కపిల తోలినవారే. నీరు తనంత తాను పల్లమునకు పోవును. మెరకకు రావలెనన్న ఎద్దులు కావలయును. బావి ఐదు నిలువులైన ఎద్దులకు సుళువు. పండ్రెండు నిలువులైన నడుములు పడిపోవును. వేడియును అంతే. వేడిచోటినుండి చల్లనిచోటికి తనంత పోవును. చల్లని గదినుండి వేడి వెలుపలికి తోడవలెనన్న బలము కావలయును. గదికిని, వేడిని పారబోయు చోటికిని గల డిగ్రీల భేదమే ఇచట బావి లోతు. సాధారణ శీతలయంత్రము 25 డిగ్రీల గదిలోని వేడిని 42 డిగ్రీల వడగాలిలో పారబోయవలయును. ఎండ ముదిరినకొలది బావి లోతగును; మనకు చలువ అత్యవసరమైన గడియలోనే యంత్రము ఎక్కువ కరెంటు త్రాగును. అదే వేడిని 30 డిగ్రీల నేలలో పారబోసినచో బావి లోతు తగ్గును. భూతాప పద్ధతి రహస్యమంతయు ఇంతే.

తోడు బొక్కెన యేది? సులభముగా ఆవిరియగు ఒక ద్రవము. గదిలోని గొట్టములలో అది ఆవిరియై వేడిని పీల్చును. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి మరింత వేడిగా చేయును. పిమ్మట అది నేలనుండి తిరిగి వచ్చు నీటికి తన వేడిని అప్పగించి మరల ద్రవమగును. ఆ నీరు నేలలో పాతిన ప్లాస్టిక్ గొట్టములలో పారి, వేడిని మట్టికో రాతికో ఇచ్చి, మరల వచ్చును. నీరు ఖర్చు కాదు. అదే నీరు తిరుగుచుండును. చలిదేశములలో శీతకాలమున చక్రమును తిరుగవేసి, నేలలోని వేడిని ఇంటిలోనికి తోడుదురు.

ఒకే యంత్రము ఇల్లు వెచ్చబరచుటకును, చల్లబరచుటకును పనికివచ్చునని 1852లో కెల్విన్ ప్రభువుగా పిమ్మట ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ చెప్పెను. ఆస్ట్రియాలో రిట్టింగర్ 1857 ప్రాంతమున ఉప్పునీటిని ఇగిర్చుటకు ఇట్టి యంత్రమును నడిపెను. నేలనుండి వేడి తోడుటకు 1912లో స్విట్జర్లాండునందు జోయెలీ యనునతడు పేటెంటు పొందెను. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరమున 1948లో ఒక పెద్ద కార్యాలయభవనము బావినీటి ఆధారమున ఇట్లు నడిచినది. నేడు స్వీడనులో లక్షల యిండ్లు ఈ విధముననే వెచ్చనగుచున్నవి. మన దేశపు ప్రభుత్వము 2025లో ప్రకటించిన భూతాపశక్తి విధానములోను ఈ పంపులకు చోటు దొరకినది.

మరి మన కోయిలకుంట్లలో? ఇచట మూడు సంగతులు ఆలోచింపవలయును.

మొదటిది నేల. కుందూ లోయలో మనది నల్లరేగడి, క్రింద రాయి. 1872లో విలియం కింగ్ కడప కర్నూలు శిలలను గూర్చి వ్రాసిన గ్రంథమున మన యూరి పేరనే కోయిలకుంట్ల సున్నపురాయి యని ఒక శిలకు పేరు పెట్టెను. గొట్టములను పాతుటకు రెండు మార్గములు. నిలువెత్తు కందకములు త్రవ్వి అడ్డముగా పరచుట యొకటి. రేగడినేల వేసవిలో చేయి పట్టునంత బీటలు విచ్చును; ఆ బీటలలో గొట్టమునకు మట్టితో పొత్తు తప్పును, వేడి దిగదు; వానకు ఉబ్బి గొట్టమును నలుపును. కావున అడ్డపు మార్గము మనకు నప్పదు. రెండవది నిలువు బోరు. రాయి మట్టికంటె వేడిని బాగుగా తీసికొనును. ఇది మనకు మేలు. ఐతే సున్నపురాతిలో బెలుం వంటి బిలములు చిన్నవి పెద్దవి ఉండుట కద్దు. గొట్టము చుట్టు పోసిన పూత బిలములోనికి జారిపోవచ్చును. త్రవ్వువాడు ఇది తెలిసి త్రవ్వవలయును. ఒక బోరునుండి నీరు తోడి మరియొక బోరులో వదలు మార్గమును గూడ కొందరు చెప్పుదురు. త్రాగునీటికే బోర్లు ఎండుచున్న సీమలో ఆ మాట తలపెట్టరాదు.

రెండవది జమాఖర్చు. లెక్కలు వ్రాయువాడను గనుక ఇది నాకు బాగుగా కనబడును. స్వీడనువంటి దేశమున శీతకాలమున నేలనుండి వేడి తీయుదురు. వేసవిలో కొంత మరల జమకట్టుదురు, కొంత సూర్యుడే జమకట్టును. మన సీమలో ఖర్చు పద్దు లేదు. ప్రతి సంవత్సరము జమయే. ఒక యిల్లు, ఒక బోరు ఐనచో మిగిలిన ఎనిమిది నెలలలో ఆ వేడి చుట్టునకు వ్యాపించి నేల చాలవరకు తేరుకొనును. వీధి వీధియంతయు దగ్గర దగ్గరగా బోర్లు దింపినచో నేల ఏటేట వేడెక్కును. బావి లోతు మరల పెరుగును. దీనికి విరుగుడు లేకపోలేదు. తోడిన వేడిలో కొంత స్నానపు నీటికి ఉపయోగించినచో ఖర్చు పద్దు ఏర్పడును. వసతిగృహములకును, ఆసుపత్రులకును ఇది తగును.

మూడవది పైకము. పది పండ్రెండడుగుల గదికి టన్ను యంత్రమనుకొందము. అది గంటకు సుమారు మూడున్నర యూనిట్ల వేడిని తోడును. దినమునకు ఎనిమిది గంటలు నిండుగా నడిచిన 28 యూనిట్ల వేడి. సాధారణ యంత్రము ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి తోడెననుకొన్నచో ఖర్చు 9 యూనిట్ల పైన; నేల పంపు నాలుగున్నర తోడెననుకొన్నచో 6 యూనిట్ల పైన. మిగులు దినమునకు మూడు. యూనిటు ఆరు రూపాయలని పెట్టుకొన్న నూటయిరువది దినముల వేసవికి రెండువేల పైచిలుకు. నీరు త్రిప్పు మోటారు ఖర్చు ఇందులో తీసివేయవలయును. మన వేడినేలలో ఆ గదికి రెండువందల యేబది అడుగుల బోరైన కావలయును. బోరు అడుగునకెంతో, ఈ సభలో చెప్పవలసిన పని లేదు. ఆ లెక్క మన రైతుల గుండెలమీదనే వ్రాసియున్నది. వడ్డీయైన గిట్టదు. రేయింబవళ్లు నడచు ఆసుపత్రికి గిట్టవచ్చును. మూడు నెలలు మధ్యాహ్నము నడచు పఠనమందిరమునకు గిట్టదు. ఇది నా నిశ్చితాభిప్రాయము.

ఐనచో నేల చలువ మనకు లేదా? ఉన్నది, యంత్రము లేకయే ఉన్నది. నేలలో గొట్టము పాతి, దానిగుండ గాలిని ఊదించి గదిలోనికి తెచ్చు పద్ధతి యొకటి కలదు. అహమ్మదాబాదులో ఆచార్య గిరిజాశరణ్ గారు 50 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల గొట్టమును 3 మీటర్ల లోతున పాతి పరీక్షించిరి. మే నెలలో గాలి 14 డిగ్రీల వరకు చల్లబడెను. ఆ నగరపు జంతుశాలలో పెద్దపులి మందిరమునకు అట్టి యేర్పాటే చేసిరి. ఢిల్లీ చేరువ గ్వాల్ పహాడీలో టెరీ సంస్థవారి భవనమునకు 4 మీటర్ల లోతున 70 మీటర్ల సొరంగములు కలవు. పులికి దక్కిన సుఖము పుస్తకము చదువు పిల్లవానికి దక్కరాదా యని మీరడుగవచ్చును. దక్కవచ్చును. కాని బెలుంలోను పాతరలోను నేర్చిన పాఠము మరువరాదు. గొట్టమునకు వాలు పెట్టి తేమనీరు పోవు త్రోవ చేయవలయును. లేనిచో బూజు పట్టి దుర్వాసన వచ్చును. పాములు, ఎలుకలు దూరకుండ జల్లెడ కట్టవలయును. వానకాలమున మూసివేయవలయును.

అంతకంటె మేలైన మాట యొకటి చెప్పెదను. నేల క్రిందికి మనము పోనక్కరలేకుండ, నేలనే మన నెత్తిమీదికి తెచ్చిన బుద్ధిమంతులు మన తాతలు. మన మట్టిమిద్దె అదియే గదా! రాతిగోడలు, దూలములు, దంతెలు, వానిమీద నాపరాళ్లో కంపయో, ఆపైన అడుగున్నర మట్టి, ఆపైన చవుడు. నాలుగైదంగుళముల సిమెంటు కప్పులో మధ్యాహ్నపు ఎండ మూడు నాలుగు గంటలలో దిగి, మనము పడుకొనువేళకు మంచముమీదికి వచ్చును. అడుగు దాటిన మట్టికప్పులో అది దిగుటకు పది గంటలు పైబడును. దిగులోపల తెల్లవారి నేల చల్లబడును. వేడిగాలి పైకి పోవుటకు గవాక్షి యుండనే యున్నది.

మిద్దెను పొగడితినని దాని దోషములను దాచను. ఏటేట చవుడు పోయవలయును. ముసురు పట్టిన కారును. తడిసిన మిద్దె కూలి నిండు కాపురములు నేలపాలైన కథలు మన పల్లెలలో లేకపోలేదు. పైగా పుస్తకములున్న చోట కప్పు కారుటయు, చెదలు పట్టుటయు సహింపరానివి. చలువకొరకు గ్రంథములను తడుపుకొనుట బుద్ధి కాదు.

కావున కార్యవర్గమునకు నా మనవి ఇది. కప్పు సిమెంటుదే వేయుడు. కాని దానిని బోడిగా ఎండకు వదలకుడు. మీద మట్టికుండలు బోర్లించి, సందులలో గార నింపి, పైన తెల్లని పెంకులో సున్నపుపూతయో వేయుడు. కుండలోని గాలి మట్టివలెనే అడ్డుపడును. తెలుపు ఎండను తిరుగగొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకై ఒక విధానమునే ప్రకటించినది. పడమటి గోడకు నీడగా వేపచెట్లు నాటుడు. గోడల నెత్తమున గవాక్షులుంచి, రాత్రి తెరచి, పొద్దెక్కగనే కిటికీలు మూయుడు. ఇంతటితో చాలకున్న చిన్న శీతలయంత్రమునే పెట్టుడు; నీడలోని గదికి చిన్నదే చాలును. భూగర్భపు గొట్టము సంగతి ఆ పిమ్మట.

ఆ పిమ్మటి పనికి నేడే ఒక పునాది వేయవచ్చును. మూడు ఉష్ణమాపకములు కొనుడు. ఒకటి మందిరములో, ఒకటి వెలుపల నీడలో, మూడవది పెరటిలో పదియడుగుల గొట్టము దింపి దాని యడుగున. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము వేడిని చూచి ఒక పుస్తకములో వ్రాయవలయును; ఉగాది మొదలు ఉగాది వరకు. చూచు పని పిల్లలది. పుస్తకమునకు గీతలు గీచి, మాసాంతమున సగటు కట్టి, అటకలో కాక అందరికి కనబడు బల్లమీద నుంచు పని నాది. సంవత్సరము తిరుగునప్పటికి ఎవరో చెప్పిన మాటమీద గాక మన నేల చెప్పిన మాటమీద మన చందాల సొమ్ము ఖర్చు పెట్టుదుము. పరదేశమున నప్పినది ఇచట నప్పునా యని అడిగిన యువకునకు అంతకంటె మంచి సమాధానము వేరొకటి లేదు.

గ్రంథాలయమనగా అచ్చుపడిన పుస్తకములను చదువు చోటు మాత్రమే కాదు. మన కాళ్లక్రింది పుస్తకమును చదువ నేర్చు చోటు గూడ. రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ కుర్చీలు వైశాఖ మధ్యాహ్నమునను నిండియుండుగాక.